పుణెకు వెళ్ళిన పద్నాలుగు డబ్బాలు

మా ఇంట్లో సూదులు, దారపు ఉండలు, ఊడిపోయిన గుండీలు వేసుకునే డబ్బా ఒకటి ఉండేది. గుండ్రంగా, టిఫిను పళ్ళెమంత వెడల్పుతో, మూత తీయాలంటే రూపాయి బిళ్ళ అంచు దూర్చి ఎత్తాల్సినంత బిగువుగా. అది సినిమా రీలు డబ్బా అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని తోబుట్టువులు పద్నాలుగు ఇంట్లోనే ఉన్నాయని ఇంకా ఆలస్యంగా తెలిసింది.

మా తాతయ్య యాభైల చివరి నుంచి డెబ్భైల చివరి దాకా కృష్ణా జిల్లా పల్లెల్లో టూరింగ్ టాకీస్ నడిపారు. ఒక డేరా, ఒకే ఒక్క ప్రొజెక్టరు. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. లైట్లు వేసి, కొత్త రీలు ఎక్కించి, ప్రొజెక్టరు దీపంలో మండే కార్బను కడ్డీలు సరిచేసేదాకా జనం బీడీలు వెలిగించుకునేవారు. ఇదంతా నాన్న చెప్పగా విన్నదే. నేను పుట్టేసరికి ఆ డేరా గుడ్డ వడ్లు ఆరబోసుకునే పట్టాగా మారిపోయింది.

తాతయ్య పోయాక మిగిలిన రీళ్ళను నాన్న రెండు వాటాలు చేశారు. మంచివి అనుకున్న ఆరింటిని పాత గుడ్డతో తుడిచి, కలరా ఉండలు వేసి, మూత చుట్టూ టేపు అంటించి, ఒక్కో డబ్బాకు రెండేసి పాలిథిన్ కవర్లు బిగించి మేడ మీద ఇనప బీరువాలో పెట్టారు. పనికిరానివి అనుకున్న ఎనిమిదీ ధాన్యం గదిలో, మట్టి గోడకు ఆనించిన బల్ల మీద ఉండిపోయాయి. వాటి మూతలు సగం ఊడిపోయాయి. ఒకదాని మీద పిల్లి పడుకునేది.

రెండేళ్ళ క్రితం ఇంటికి మరమ్మతులు చేయిస్తూ బీరువా తెరిచాను. ముక్కు పుటాలు మండేలా పులిసిన వాసన. ఆవకాయ జాడీ ఏదో పగిలిందేమోనని మొదట అటు ఇటు చూశాను. ఒక కవరు కోసి మూత ఎత్తితే వాసన కళ్ళలోకి వచ్చింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని తెలివితక్కువది. దాన్ని ముందే చెప్పేస్తాను. ధాన్యం గదిలోని ఒక రీలు పట్టుకుని, పాత పెళ్ళి వీడియోలను కంప్యూటర్లోకి ఎక్కించే ఒక స్టూడియోకు వెళ్ళాను. స్టూడియో ఆయన సినిమా రీలు కూడా చేసిపెడతానన్నారు. ఎవరి దగ్గరో ఉన్న ప్రొజెక్టరు తెప్పించి, రీలు ఎక్కించి, గోడ మీద పడిన బొమ్మను కెమెరాతో తీయడం ఆయన పద్ధతి. మూడో నిమిషంలో పళ్ళచక్రం ఫిల్ము అంచు రంధ్రాలను చీల్చుకుంటూ పోయింది. టకటకమని శబ్దం వచ్చింది. ఆయన ఆపేసరికి రెండు బారల ఫిల్ము నలిగి కింద పడింది. సెలోటేపుతో అతికించి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, అంతవరకు మంచివారే.

ఆ రాత్రి పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాశాను. దాని పేరు విన్నవాడినే గానీ, అది మహామహుల సినిమాలు దాచుకునే చోటనీ, మా పిల్లి పడుకున్న డబ్బాలతో వాళ్ళకేం పని అనీ అనుకునేవాడిని. 1964 ఫిబ్రవరిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కింద మొదలైన సంస్థ అది. 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపారు కాబట్టి ఇప్పుడు బోర్డు మీద రెండు పేర్లూ కలిసి ఉంటాయి.

జవాబులో మొదటి ప్రశ్న సినిమా పేరు కాదు. ఫిల్ము అంచున ఏమని రాసి ఉందో చూసి చెప్పమన్నారు. నైట్రేట్ అని ఉంటే కదిలించవద్దు, దీపం దగ్గరకు తీసుకురావద్దు, ఎవరితోనూ పంపించవద్దు. 1950ల మొదట్లో తయారీ ఆగిపోయేదాకా సినిమాలు నైట్రేట్ ఫిల్ము మీదే ఎక్కువగా వచ్చేవి. అది అంటుకుంటే నీళ్ళు పోసినా, గాలి ఆడకుండా మూసినా ఆరదు, మండడానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే ఉంటుంది. పుణెలోనే 2003లో నైట్రేట్ రీళ్ళున్న గోదాములో మంటలు లేచి పాత సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి. ఈ సంగతులు చదివాక, చిన్నప్పుడు ఫిల్ము ముక్కలతో మేము ఆడిన ఆటలు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. చీకటి గదిలో కిటికీ సందు నుంచి అద్దంతో ఎండను పట్టి, నీళ్ళు నింపిన బల్బు ముందు ఫిల్ము ముక్క ఉంచి, గోడకు కట్టిన తాతయ్య పంచె మీద హీరోను తలకిందులుగా చూసేవాళ్ళం.

భూతద్దం పెట్టి పద్నాలుగు డబ్బాలూ చూశాను. అన్నింటి అంచునా ‘సేఫ్టీ’ అనే అక్షరాలు కనిపించాయి. వాటి పక్కన చిన్న చిన్న గుర్తులు: వృత్తం, చతురస్రం, త్రికోణం. కొడాక్ కంపెనీ ముడి ఫిల్ము తయారైన సంవత్సరాన్ని ఆ గుర్తులతోనే చెప్పేదట. ఫోటోలు తీసి పంపాను. తీసుకుని రమ్మన్నారు, చలికాలంలో వస్తే మంచిదన్నారు.

కొరియరు వాళ్ళు సినిమా ఫిల్ము అనగానే తల అడ్డంగా ఊపారు. సరే, కారులోనే బయలుదేరాను. మచిలీపట్నం నుంచి విజయవాడ, హైదరాబాదు, సోలాపూరు మీదుగా పుణె చేరే 65వ నంబరు జాతీయ రహదారి మాకు దగ్గరలోనే. తాతయ్య ఎడ్లబండి మీద రీళ్ళు తీసుకెళ్ళింది కూడా చాలావరకు ఈ రోడ్డు చుట్టుపక్కల ఊళ్ళకే. సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు, కిటికీ అద్దాలు దించుకునే నడిపాను. దించకపోతే ఆ పులుపు వాసనకు ఊపిరాడదు.

లా కాలేజీ రోడ్డులో ఆర్కైవ్, అదే రోడ్డులో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. లోపల నన్ను కూర్చోబెట్టిన గదిలో ఒక పొడవాటి బల్ల, దాని మధ్యలో కింద నుంచి వెలిగే గాజు పలక, రెండు వైపులా చేతితో తిప్పే రివైండర్లు. రీళ్ళు పరిశీలించిన మేడమ్ మరాఠీ ఆవిడ. నాతో హిందీలో మాట్లాడారు. ఆవిడ డబ్బాలను రెండు వరసలుగా పేర్చారు. కవర్లు చుట్టినవి ఒకవైపు, పిల్లి డబ్బాలు ఒకవైపు. పిల్లి డబ్బాల తుప్పు చూసి నాకు సిగ్గు వేసింది. “ఇవి బాగా చూసుకోలేకపోయాం” అన్నాను.

ఆవిడ తుప్పు డబ్బా మూత తీసి, చేతి తొడుగుతో ఫిల్ము అంచును మెల్లగా నొక్కి చూశారు. చుట్ట మెత్తగా కదిలింది. ఒక బెత్తెడు విప్పి వెలుగు మీద పరిచారు. బొమ్మ నల్లగా, తెల్లగా, చురుకుగా ఉంది. ఒక ఆడమనిషి బావి దగ్గర నిలబడి ఎవరినో చూస్తోంది. పదహారు చట్రాలు, అంటే విడి బొమ్మలు, కలిస్తే ఒక అడుగు, అడుగు ఫిల్ము తెర మీద ఒక సెకను కూడా నిలవదు. ఆ పదహారింటిలోనూ ఆమె చీర కొంగు ఒక్క నూలుపోగంత కదిలింది. పక్కనే సన్నటి గీతల పట్టీ, అది శబ్దం. దాన్ని కూడా వెలుతురే చదువుతుంది. బొమ్మ పక్కన ఉండే గీతలు ఆ బొమ్మవి కావనీ, శబ్దం ఇరవై చట్రాలు ముందుకు అచ్చవుతుందనీ ఆవిడే చెప్పారు. తెగిన చోట తాతయ్య ఆపరేటరు నాలుగు చట్రాలు కోసి అతికిస్తే, బొమ్మ ఒకచోట, మాట మరోచోట గెంతేది అందుకే.

తర్వాత కవరు చుట్టిన డబ్బా. మూత తీయగానే ఆవిడ ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఫిల్ము చుట్ట అంచులు అప్పడంలా వంకర్లు తిరిగాయి, మీద తెల్లటి పొడి. విప్పబోతే పొరలు విడవలేదు.

“ఎవరు చుట్టారు వీటిని?” అని అడిగారు.

“మా నాన్నగారు. చాలా జాగ్రత్తగా.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత చెప్పిన సంగతి నేను ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. సేఫ్టీ ఫిల్ము అసిటేట్‌తో చేసింది. వేడికి, తేమకు అది కొద్దికొద్దిగా విరిగి ఆమ్లం వదులుతుంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే అది. గాలి ఆడితే ఆవిరి బయటికి పోతుంది. మూసిపెడితే అదే ఆవిరి తిరిగి ఫిల్మును తింటుంది, తిన్నకొద్దీ ఇంకా ఆమ్లం పుడుతుంది. మేడ మీద, రేకుల కింద, ఇనప బీరువాలో, రెండు కవర్ల లోపల అది ముప్ఫై ఏళ్ళు తనను తాను తింది. ధాన్యం గది మట్టి గోడ చల్లగా ఉంచింది, ఊడిన మూతలు గాలి ఆడనిచ్చాయి. మేము కాపాడినవి పోయాయి, గాలికి వదిలేసినవి బతికాయి.

“మీ నాన్నగారిది తప్పు కాదు, చాలా ఇళ్ళలో ఇలాగే చేస్తారు” అన్నారు ఆవిడ. అయినా నాకు ఓదార్పు దొరకలేదు.

ప్రతి డబ్బాలోనూ ఒక నీలం కాగితపు ముక్క పెట్టి మూసి, మర్నాడు రమ్మన్నారు. ఆమ్లం ఉంటే కాగితం నీలం నుంచి ఆకుపచ్చకు, అక్కడి నుంచి పసుపుకు తిరుగుతుంది. పంటి డాక్టరు దగ్గర ఎక్సరే కోసం కూర్చున్నట్టు ఆ రాత్రి గడిచింది. పొద్దున చూస్తే పిల్లి డబ్బాల కాగితాలు ఏడింట నీలంగా, ఒకదానిలో కాస్త ఆకుపచ్చగా ఉన్నాయి. బీరువా డబ్బాల్లో ఆరూ పచ్చి పసుపు.

ఏం తీసుకుంటారు, ఏం తీసుకోరు అన్నది నేను ఊహించినట్టు జరగలేదు. బీరువా డబ్బాల్లో రెండు రాయిలా గట్టిపడ్డాయి, వాటిని తిరిగి ఇచ్చేశారు. నాలుగింటిని మిగతా రీళ్ళకు దూరంగా విడిగా ఉంచి, నకలు తీయగలమేమో చూస్తామన్నారు. ఆ ఆవిరి పక్కనున్న మంచి రీలుకు కూడా అంటుతుందట. అందులో ఉన్నవి ఏ పాటి సినిమాలో అప్పటికే తేలింది: ఇతర చోట్ల బాగున్న ప్రింట్లు దొరికే సినిమాల పాటల రీళ్ళు. నాన్నకు ఇష్టమైన పాటలు. అందుకే అవి మంచివి అయ్యాయి.

పిల్లి డబ్బాల్లో ఐదు వార్తాచిత్రాలూ విడి ముక్కలూ. మూడు మాత్రం ఒకే సినిమావి, 3, 8, 11 నంబర్ల రీళ్ళు. పేర్లు వేసే మొదటి రీలు లేదు కాబట్టి ఏ సినిమానో తెలియదు. ఆ స్టూడియోలో చిరిగింది ఇందులో 8వ రీలే. సెలోటేపు చూసి మేడమ్ పెదవి విరిచారు గానీ నన్నేమీ అనలేదు. మందు అద్ది టేపు జిగురు తీస్తూ అరగంట కూర్చున్నారు. చిరిగిన రంధ్రాలను ఒక్కొక్కటిగా సన్నటి పారదర్శకపు పట్టీతో సరిచేశారు. నేను ఒక్క మధ్యాహ్నం చేసిన నష్టాన్ని బాగుచేయడానికి ఎంతసేపు పట్టిందో లెక్క చూసుకుంటూ కూర్చున్నాను.

బావి దగ్గరి ఆడమనిషిని ఫోనుతో ఫోటో తీసి నాన్నకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోను మోగింది.

“ఒరేయ్, ఈ బావి తర్వాత వర్షం వస్తుంది. వర్షం వస్తుండగా రీలు మార్చాలి. ఆపరేటరు లేకపోతే నేనే మార్చేవాడిని” అన్నారు. పేరు మాత్రం వెంటనే గుర్తు రాలేదు. సాయంత్రానికి ట్రంకు పెట్టెలో పాటల పుస్తకాలు తిరగేసి చెప్పారు. అణా, రెండణాలకు డేరా దగ్గర అమ్మిన పుస్తకాలు అవి, కథ క్లుప్తంగా రాసి, ‘శేషం వెండితెరపై’ అని ముగిస్తారు. ఆ సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. మిగతా రీళ్ళ కోసం వెతుకులాట నడుస్తోంది, పేరు బయటపెడితే పాత సామాన్ల బేరగాళ్ళు ముందు చేరతారు.

పాటల పుస్తకం సంగతి వినగానే మేడమ్ మొహం వెలిగింది. ఆర్కైవ్ అంటే రీళ్ళే కాదు. పోస్టర్లు, స్టిల్స్, పాటల పుస్తకాలు, స్క్రిప్టులు కూడా దాస్తారు. సినిమా పోయినా కాగితం మిగులుతుంది. 1932 నాటి మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు లేదు. 1921లో రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ లేదు. దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ కూడా లేదు. నలుపు తెలుపు ఫిల్ము మీద బొమ్మ అంటే వెండి రేణువులే కాబట్టి, ఆడటం అయిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించిన వాళ్ళు ఈ దేశంలో కోకొల్లలు. పుస్తకం అచ్చు వేస్తే 1954 నాటి చట్టం ప్రకారం ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. సినిమాకు అలాంటి కట్టడి లేదు. ఆర్కైవ్ ఇళ్ళ తలుపులు తట్టి అడగాల్సిందే, లేదా నాలాంటివాడు కారులో వేసుకుని రావాల్సిందే. ఈ సంస్థను పాతికేళ్ళకు పైగా పెంచిన పి.కె.నాయర్ అలా తిరిగి తెచ్చినవే చాలా ఉన్నాయి. దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన ‘కాళీయమర్దన్’ ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే ఆయన ఫాల్కే కుటుంబం చుట్టూ తిరగబట్టే.

ఇంకొకటి కూడా వాళ్ళకు నచ్చింది, నేను లెక్కలోనే వేసుకోనిది. రీళ్ళ అడుగున గడ్డిలో చుట్టిన గాజు పలకలు. మసి పూసి, సూదితో అక్షరాలు గీకిన స్లయిడ్లు. ‘విరామం’. ‘పొగ త్రాగరాదు’. ‘రేపు ఆట లేదు, సంత’. చివరిది చూసి గదిలో అందరూ నవ్వారు, నేను హిందీలోకి మార్చి చెప్పాక. ఆ ‘సంత’లో సున్న కాస్త పెద్దగా ఉంది. అది తాతయ్య చేతిరాత.

కాగితాల పని త్వరగానే అయింది. ప్రింటు నాది అయినంత మాత్రాన సినిమా నాది కాదు, తాతయ్యదీ కాదు. పంపిణీదారు తిరిగి అడగలేదు కాబట్టి మా ఇంట్లో ఉండిపోయింది, అంతే. మన కాపీరైటు చట్టం సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులు ఇస్తుంది. ఈ సినిమా ఆ గడువుకు అటూ ఇటూగా ఉంది. అందుకని ఆర్కైవ్ దాన్ని భద్రపరుస్తుంది గానీ, హక్కుల సంగతి తేలకుండా బయట వేయదు. నేను ఒక పెన్‌డ్రైవ్ చేతికిస్తారేమోనన్న ఆశతో వెళ్ళాను, ఒప్పుకోవాలి. స్కాన్ చేయడం, దాచడం ఒకటి కాదని అక్కడే అర్థమైంది. హార్డ్‌డిస్కు నాలుగైదేళ్ళకే మొండికేయవచ్చు. నలుపు తెలుపు ఫిల్మును పన్నెండు డిగ్రీల ప్రాంతంలో, తేమ అదుపులో ఉంచితే మన మనవళ్ళ మనవళ్ళకు కూడా మిగులుతుంది. రంగుల ఫిల్ముకు ఇంకా చలి కావాలి, రెండు మూడు డిగ్రీలు.

గోదాము గుమ్మం దాకా నన్ను రానిచ్చారు. తలుపు తీయగానే చల్లటి పొడి గాలి మొహాన తగిలింది. వరసలు వరసలుగా అరలు, వాటి మీద కొత్త ప్లాస్టిక్ డబ్బాలు. మూతలకు గాలి ఆడే సందులున్నాయి. నాకు కనిపించింది ముందు ఆ సందులే.

తుప్పు డబ్బాలు ఖాళీ చేసి తిరిగి ఇచ్చారు. వాటితో పాటు ఆ రెండు రాళ్ళు కూడా కారులో వేసుకుని ఇంటికి వచ్చాను.

నాన్నకు ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాను. ఇంటికి చేరాక భోజనాల దగ్గర ఆయనే అడిగారు. “నేను కవర్లు చుట్టినవి బాగున్నాయి కదా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, సైన్సు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమ్లం, ఆవిరి, గాలి ఆడకపోవడం అన్నీ వరసగా చెప్పాను. ఆయన మజ్జిగన్నం కలుపుతూ విన్నారు. మధ్యలో ఒక్క ప్రశ్న అడిగారు, “ఎసిటిక్ ఆమ్లమేనా?” అని. అవునన్నాను. ఇంకేమీ అనలేదు, చేయి కడుక్కుని వెళ్ళిపోయారు.

పొద్దున్న లేచేసరికి మేడ మీద కత్తెర చప్పుడు. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నాన్న నేల మీద కూర్చుని, నాయనమ్మ ఫోటోకు చుట్టిన కవరు కోస్తున్నారు. పక్కన పెళ్ళి ఆల్బమ్, గ్రామఫోను రికార్డులు, టేపు క్యాసెట్లు అప్పటికే బయటపడ్డాయి. తర్వాత హార్మోనియం దగ్గరకు జరిగారు.

“దానికి అవసరం లేదు నాన్నా, అది చెక్క” అన్నాను.

వినిపించుకోలేదు. కవరు కోసి, మడత పెట్టి పక్కన పడేసి, ఒకసారి గాలి తిత్తి నొక్కి చూశారు.